నున్నని తీగ మీద నీలాపనింద

“ఫ్లాట్‌వౌండా? అవి పెద్దవాళ్ల తీగలు సార్. ఇప్పుడెవరూ వేయట్లేదు. రౌండ్‌వౌండ్ తీసుకెళ్లండి, అన్నిటికీ పనికొస్తాయి.”

బేస్ గిటార్‌కు తీగలు కొందామని వెళ్లిన నాకు ఒక వాయిద్యాల దుకాణంలో కుర్రవాడు చెప్పిన మాట ఇది. అతన్ని తప్పుపట్టను. తాను విన్నదే నాకు వినిపించాడు. గిటారు నేర్పే మాస్టారు ఇదే చెబుతాడు. పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించే అన్న ఇదే చెబుతాడు. ఆదివారం చర్చిలో బేస్ పట్టుకునే తమ్ముడూ ఇదే నమ్ముతాడు. కొత్త బేస్ గిటార్ పెట్టె విప్పితే దాని మీద బిగించి ఉండేవి ఎక్కువగా రౌండ్‌వౌండ్ తీగలే. బేస్ అంటే ఇలాగే మోగాలి కాబోలని మొదటి రోజే చెవికి అలవాటైపోతుంది. ఇక ఫ్లాట్‌వౌండ్ ‘జాజ్‌కీ, పాత సోల్ పాటలకీ’ అని చీటీ అంటించి మూలన పెట్టిన సరుకు.

ఈ నమ్మకం తప్పని నా వాదన. కాస్త అటూ ఇటూ అయిన తప్పు కాదు, తలకిందులైన తప్పు. మనలో ఎక్కువమందికి మొదటి తీగ ఫ్లాట్‌వౌండ్ కావాలి. ప్రత్యేక అవసరం వచ్చినప్పుడు వెతికి కొనుక్కోవలసింది రౌండ్‌వౌండ్‌ని.

వాదనకు దిగేముందు రెండు తీగలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటి కడుపులోనూ ఉన్నది ఉక్కు తీగే. దాని మీద ఏం చుట్టారన్నదే తేడా. రౌండ్‌వౌండ్‌లో గుండ్రటి సన్నని తీగ చుడతారు. చుట్టుకీ చుట్టుకీ మధ్య గాడి మిగులుతుంది. గోరు ఆనించి నిలువునా లాగితే జిప్పు లాగినట్టు జర్రుమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌లో చుట్టేది బల్లపరుపు లోహపు పట్టీ. అంచుకు అంచు ఆనేలా చుడతారు కాబట్టి గోరు లాగితే అద్దం మీద జారినట్టు పోతుంది. ఇప్పుడు మీటి చూడండి. కొత్త రౌండ్‌వౌండ్ పియానోలో ఎడమచేతి కొసన ఉన్న మెట్టులా ఇనుప గణగణతో లేస్తుంది, ఆ గణగణ చాలాసేపు నిలుస్తుంది. ఫ్లాట్‌వౌండ్ ‘దుమ్’మని మొదలవుతుంది. పైనున్న మెరుపు గబుక్కున ఆరిపోయి, అడుగున స్వరం మాత్రం మిగులుతుంది. ఈ రెండు తీగలకూ అసలు తేడా ఎంత మోగుతుందన్నదాంట్లో లేదు, మోత ఎలా ఆరుతుందన్నదాంట్లో ఉంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా వాదనంతా దానంతట అదే విడిపోతుంది.

ఫ్లాట్‌వౌండ్ మీద మొదటి నింద అది పాతబడిందని. అది తొలినాళ్ల తీగ, రౌండ్‌వౌండ్ దాన్ని దాటి వచ్చిన ప్రగతి అంటారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెతకు తగ్గ తర్కం.

గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని మార్కెట్‌లోకి తెచ్చినప్పుడు దాని మీదివి ఫ్లాట్‌వౌండ్ తీగలే, నిజం. అయితే గుండ్రటి తీగ చుట్టడం అప్పటికి ఎవరికీ చేతకాక కాదు. పియానోలో మంద్రస్వరాల తీగలకు గుండ్రటి రాగి తీగ చుట్టడం పందొమ్మిదో శతాబ్దంలోనే ఉంది. గుండ్రటి తీగ చుట్టడం సులువు. బల్లపరుపు పట్టీని మెలిపడకుండా, ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కకుండా చుట్టడమే కష్టం. కాబట్టి ఫ్లాట్‌వౌండ్ అనేది ఇంకా పని రాని రోజుల మిగులు కాదు. గీరుడు చప్పుడు వద్దనుకుని, కావాలని పడ్డ శ్రమ.

అంతదూరం ఎందుకు, మన కచేరీకే వద్దాం. వయొలిన్ మీద మంద్రస్థాయి తీగకు చుట్టిన లోహం చేతికి నున్నగా తగులుతుంది. కమాను దాని మీద గరగరలాడకూడదు, గమకంలో వేలు సాగినప్పుడు వేలి చప్పుడు వినపడకూడదు. వీణ వాయించేవారు కొబ్బరినూనెలో తడిపిన దూది పక్కన పెట్టుకునేది ఎందుకు? వేలు తీగ మీద అడ్డం లేకుండా సాగాలని. స్వరానికీ స్వరానికీ మధ్య దారి వినపడాలి, ఆ దారిలో నడిచే వేలి చప్పుడు వినపడకూడదు అని కోరుకున్న చెవులు మనవి. అలాంటి చెవులకు నున్నని తీగ ఎప్పుడు ‘పాతకాలం’ అయిందో!

మరి రౌండ్‌వౌండ్ ఎలా గెలిచింది? ఆ కథలోనే జవాబుంది. ఇంగ్లండ్‌లో ‘ద హూ’ అనే బ్యాండ్. ఒకే గిటారు, పీట్ టౌన్షెండ్‌ది. డ్రమ్స్ మీద కీత్ మూన్, ఒక్క క్షణం ఖాళీ వదలని మనిషి. వాళ్ల మధ్య బేస్ వాయించే జాన్ ఎంట్విజిల్‌కు తన గొంతు వినిపించాలంటే బేస్‌ని రెండో గిటారులా మోగించాలి. 1965లో ‘మై జనరేషన్’ పాటలో బేస్ సోలో కోసం అతను డానెలెక్ట్రో బేస్ గిటార్ల సన్నని తీగల వెంటపడ్డాడు. అవి తెగిపోతుంటే, విడిగా తీగలు దొరకక, తీగల కోసమే మళ్లీ గిటార్లు కొన్నాడు. మరుసటి ఏడాది, 1966లో, రోటోసౌండ్ కంపెనీతో కలిసి పనిచేస్తే తనకు కావలసిన స్టీలు రౌండ్‌వౌండ్ తీగలు వచ్చాయి. పియానోలా మోగే బేస్ అతని కల, అది నెరవేరింది. తర్వాత ‘యెస్’ బ్యాండ్‌లో క్రిస్ స్క్వయిర్, 1976లో తన తొలి ఆల్బమ్‌తో జాకో పస్టోరియస్ ఆ మెరుపును ఎక్కడికి తీసుకెళ్లాలో అక్కడికి తీసుకెళ్లారు. ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ముగ్గురూ ఎవరో గమనించండి. బ్యాండ్‌లో వెనక నిలబడనని ముందుకొచ్చిన సోలోగాళ్లు. ఒక ప్రత్యేకమైన చోట నిలబడ్డ మనుషులు తమకోసం కుట్టించుకున్న చొక్కా అది. దాన్నే అంగళ్లలో అందరికీ ఒకే కొలతగా అమ్ముతున్నారు.

రెండో వాదన నిజంగా గట్టిది, దాని మీదే ఎక్కువసేపు నిలబడతాను. “రౌండ్‌వౌండ్‌లో మెరుపు ఎక్కువైతే టోన్ మీట తిప్పి తగ్గించుకోవచ్చు. ఫ్లాట్‌వౌండ్‌లో లేని మెరుపును ఎక్కణ్నుంచి తెస్తావు? ఉన్నదాన్ని తగ్గించగలం గానీ లేనిదాన్ని పుట్టించలేం కదా!” వినగానే తల ఊపాలనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్లు ఊపాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కానీ సామెతతో సరిపెట్టను. టోన్ మీట చేసే పని ఏమిటి? ఒక కెపాసిటర్ దారిలో ఎగువ పౌనఃపున్యాలను పక్కకు పంపేయడం. అంతే. ఆ మీటకు కాలమంటే తెలియదు. మీటిన క్షణంలో వచ్చే అంచునూ అది కోస్తుంది, తర్వాత సాగే గణగణనూ అంతే కోస్తుంది. అందుకే మీట పూర్తిగా తగ్గించిన రౌండ్‌వౌండ్ దుప్పటి కప్పుకుని మాట్లాడే మనిషిలా వినిపిస్తుంది. ఫ్లాట్‌వౌండ్ చేసేది వేరు. మీటిన క్షణంలో అంచు ఉంటుంది, స్వరం ఎక్కడ మొదలైందో చెవికి తెలుస్తుంది. తీగ ఊగుతుంటే ఒకదానికొకటి ఆని ఉన్న చుట్ల మధ్య రాపిడి పుడుతుంది. ఆ రాపిడి ముందుగా పై హార్మోనిక్స్‌ను, అంటే అడుగు స్వరానికి రెట్లలో పలికే పై స్వరాలను, తినేస్తుంది. అడుగు స్వరం నిలబడుతుంది. ముందు స్పష్టంగా పలికి తర్వాత దారి వదిలే గుణం అది. కరెంటు మీట ఇవ్వలేని గుణం. ఒకటి నోరు మూయించడం, ఇంకోటి మాట అయ్యాక ఆగడం.

ఇక ‘లేనిదాన్ని పుట్టించలేం’ అన్న ముక్క. రౌండ్‌వౌండ్‌లో ఆ మెరుపు ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పరేం? ఆ గాడులు చూశాం కదా. చెమట, చర్మపు జిడ్డు, పొట్టు అన్నీ వాటిలోకే పోతాయి. గాడి నిండినకొద్దీ పై హార్మోనిక్స్ చచ్చిపోతాయి. విశాఖలో, కాకినాడలో, విజయవాడలో వేసవి సాయంత్రం ఆరుబయట వేదిక మీద రెండు గంటలు వాయించిన చేతిని అడగండి, ఆ సెట్ ఎన్ని కార్యక్రమాలు నిలిచిందో. పట్టుమని కొన్ని వారాలకే మెరుపు పోతుంది. అప్పుడు మనవాళ్లేం చేస్తారు? మారుస్తారా? మార్చరు. ధర గుర్తొచ్చి, ‘ఇంకో నెల లాగుదాం’ అనుకుంటారు. ఆ నెల ఆరు నెలలవుతుంది.

నేనైతే తీగలు ఉడకబెట్టాను. బేస్ వాయించేవాళ్లలో ఇది తెలిసిన చిట్కానే. నాలుగు తీగలూ విప్పి, చుట్టలు చుట్టి, మరిగే నీళ్లలో పది నిమిషాలు వేస్తే గాడుల్లో మురికి బయటికొస్తుంది. నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి. పప్పు ఉడికే గిన్నెలో ఈ పని చేసినందుకు ఇంట్లో తిన్న తిట్లు అలా ఉంచితే, తుడిచి ఆరబెట్టి బిగించిన తీగలు కొత్తవాటిలాగే మోగాయి. ఎన్నాళ్లు? కొన్ని రోజులు. రెండోసారి ఉడకబెట్టినప్పుడు ఆ మాత్రం కూడా లేదు.

ఆ రోజు నాకు అర్థమైంది, మన పోలికే తప్పని. మనం కొత్త రౌండ్‌వౌండ్‌ని ఫ్లాట్‌వౌండ్‌తో పోలుస్తున్నాం. మనవాళ్లు నిజంగా వాయిస్తున్నది కొత్త రౌండ్‌వౌండ్ కాదు, చచ్చిన రౌండ్‌వౌండ్. దానికి మెరుపూ లేదు, నున్నదనమూ లేదు. వేలి కింద గరుకు మాత్రం అలాగే ఉంది, ఎడమచెయ్యి జారినప్పుడు గీరుడు అలాగే ఉంది. ‘లేనిదాన్ని పుట్టించలేం’ అన్నవాళ్ల దగ్గరే అది లేదు.

ఇక మూడో మాట, ఫ్లాట్‌వౌండ్ పాత బాణీలకే గానీ ఇప్పటి గట్టి సంగీతానికి నిలవదన్నది. దీనికి ఒక్క మనిషి పేరు చాలు, స్టీవ్ హారిస్. ‘ఐరన్ మెయిడెన్’ స్థాపకుడు, బేసిస్టు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు ఆ బ్యాండ్ వచ్చినప్పుడు ముందు వరుసల్లో గుర్రం పరుగులా తగిలిన బేస్, హెవీ మెటల్ మొత్తంలో గుర్తుపట్టడం తేలికైన బేస్, ఫ్లాట్‌వౌండ్ తీగల మీద వాయించేది. రోటోసౌండ్ అతని పేరుతోనే ఒక సెట్ అమ్ముతుంది, 0.050 నుంచి 0.110 అంగుళాల దాకా మందంతో. రౌండ్‌వౌండ్‌ని ప్రపంచానికి అలవాటు చేసిన కంపెనీయే మెటల్ వాయించే మనిషికి ఫ్లాట్‌వౌండ్ చుట్టి ఇస్తుంటే, మన దుకాణాల్లో అవి ముసలివాళ్ల తీగలంటున్నారు. ఐరన్ మెయిడెన్ పాట ‘ద ట్రూపర్’ విని ఈ మాట ఇంకోసారి అనమనండి.

బాబ్ మార్లీ వెనక ఆస్టన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ బారెట్ వాయించిన రెగే బేస్ ఫ్లాట్‌వౌండ్ మీదే నడిచింది. 2000లో వచ్చిన డియాంజెలో ‘వూడూ’ ఆల్బమ్‌లో పినో పల్లడీనో మళ్లీ వాటినే బిగించి, ఆ తర్వాత వచ్చిన బేసిస్టుల తరానికి కొత్త దారి చూపాడు. బాణీలు ఇన్ని రకాలుగా ఉన్నప్పుడు తీగకు బాణీతో ముడిపెట్టడంలో అర్థమేముంది? జేబులో ఉన్న పెన్ను చూసి రాసేది కథో వ్యాసమో చెప్పినట్టుంటుంది.

“అవన్నీ సరే, ఇప్పుడు పాట వినేది ఫోన్లో. చిన్న స్పీకరులో ఫ్లాట్‌వౌండ్ వినపడదు” అనేవారున్నారు. ఇది కొత్త వాదన, తెలివైన వాదన. బేస్‌లో అట్టడుగు తీగ ఊగేది సెకనుకు 41 సార్లు. ఫోన్ స్పీకరు అంత కిందికి దిగలేదు, కొన్ని వందల హెర్ట్జ్‌కు దిగువ అది దాదాపు మూగదే. కాబట్టి పై హార్మోనిక్స్ ఎక్కువున్న రౌండ్‌వౌండే నయం కదా అంటారు.

మన చెవి చేసే ఒక గమ్మత్తు ఇక్కడ తెలుసుకోవాలి. 41 వినపడకపోయినా 82, 123, 164 ఇలా దాని హార్మోనిక్స్ మెట్లు వినపడితే మెదడు వాటి నుంచి అడుగు స్వరాన్ని ఊహించి కట్టేస్తుంది. ఆ మెట్లలో ఫోన్ పలికించగల పైమెట్లు కొన్ని వందల నుంచి వెయ్యి హెర్ట్జ్ దాకా ఉంటాయి. అక్కడ ఫ్లాట్‌వౌండ్ పేదది కాదు, అదే దాని ఇల్లు. రౌండ్‌వౌండ్ అదనంగా ఇచ్చేదంతా ఆ పైన, రెండు వేల హెర్ట్జ్ దాటాక. అది స్వరం ఏమిటో చెప్పదు, తీగ ఇనుమని మాత్రం చెబుతుంది.

ఈ పరీక్ష ఎప్పుడో జరిగిపోయింది కూడా. డెట్రాయిట్‌లో 2648 వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్ అనే చిరునామాలో ఒక మామూలు ఇల్లు. మోటౌన్ రికార్డు సంస్థ స్టూడియో అందులోనే ఉండేది. అక్కడి పాటలు జనం వినేది కారు రేడియోలో, అరచేతి ట్రాన్సిస్టర్‌లో. అందుకే మోటౌన్ వాళ్లు తయారైన పాటను కారు స్పీకరులాంటి చిన్న స్పీకరులో పెట్టి విని మరీ తేల్చుకునేవారు. ఆ పాటల్లో బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. నిలువు డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు. 1962 నాటి ప్రెసిషన్ బేస్, దాని మీద లా బెల్లా కంపెనీ మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, 0.052 నుంచి 0.110 వరకు. బ్రిడ్జి మూత కింద తీగల్ని నొక్కుతూ ఒక ఫోమ్ ముక్క. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మీటేది. బేస్‌ని యాంప్ ముందు మైకు పెట్టి కాకుండా నేరుగా మిక్సింగ్ బల్లకు కలిపేవారు. తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదు.

‘మై గర్ల్’ పాట మొదలు గుర్తు తెచ్చుకోండి, ఎక్కడైనా దొరికితే వినండి. 1964 నాటిది. గొంతు రాకముందు, గిటారు రాకముందు, ముందుగా వచ్చేది బేస్ ఒక్కటే. నున్నని తీగ, ఫోమ్ ముక్క నొక్కిన తీగ, బొత్తిగా మెరుపు లేని తీగ. అరచేతి రేడియోలో అది వినపడకపోతే ఆ పాటకు మొదలే లేదు. అరవై ఏళ్లుగా వినపడుతూనే ఉంది. ఫోన్ స్పీకరు అంతకన్నా ఘోరమైనదని ఎవరైనా అంటే వాళ్లు పాత ట్రాన్సిస్టర్ విని ఉండరు.

నిజానికి చిన్న స్పీకరు సంగతి కన్నా బ్యాండ్ సంగతి ముఖ్యం. ఒక అనుభవం చెబుతాను. పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రా. కీబోర్డు, గిటారు, డ్రమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులు, నేను. అప్పుడు నా బేస్ మీద అప్పుడే మార్చిన రౌండ్‌వౌండ్ తీగలు. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే నాకే ముద్దొచ్చిన శబ్దం. రెండో పాటకే సౌండ్ చూసే అతను వేదిక దగ్గరికొచ్చి, “అన్నా, బేస్ కొంచెం తగ్గించు, పాటలో మాట తెలియట్లేదు” అన్నాడు. తగ్గించాను. నాలుగో పాటకు మళ్లీ వచ్చాడు. చివరికి నేను వాయిస్తున్నది నాకే వినపడలేదు. నా తీగల గణగణ గాయకుల మాటల్లోని స, చ, ట ఉండే చోటే కూర్చుంది. అది తగ్గించాలంటే బేస్ మొత్తాన్నీ తగ్గించాలి. తర్వాత ఫ్లాట్‌వౌండ్ వేసుకుని అదే మనుషులతో వాయించినప్పుడు అతనే, “అన్నా, కొంచెం పెంచు” అన్నాడు. తీగ దారి వదిలింది కాబట్టి మనిషికి చోటు దొరికింది. ఒంటరిగా వాయించినప్పుడు బాగున్న శబ్దం వేరు, నలుగురిలో నిలిచే శబ్దం వేరు. దుకాణంలో తీగను మనం ఒంటరిగా వింటాం, అక్కడే మోసపోతాం.

ఇళయరాజా పాటల మీద పెరిగిన తెలుగు చెవికి ఇది కొత్తగా చెప్పాలా? ‘గీతాంజలి’ (1989) పాటలు నోటికొచ్చినవాళ్లు బేస్ గిటార్ వరస కూడా కూనిరాగం తీస్తారు. మనం మనసులో మోసుకొచ్చింది ఆ స్వరాల నడకను, తీగ మీది ఇనుప చప్పుడును కాదు.

మిగిలిన నిందలు చిన్నవి, త్వరగా తేల్చేస్తాను. ఫ్లాట్‌వౌండ్ బిర్రుగా ఉంటుంది, వేళ్లు నొప్పెడతాయి అంటారు. తీగలో బిగువు దేన్ని బట్టి ఉంటుంది? అంగుళానికి దాని బరువెంత, తీగ పొడవెంత, ఏ స్వరానికి బిగించామన్న మూడింటిని బట్టి. చుట్టింది గుండ్రటిదా బల్లపరుపుదా అన్నది బిగువు లెక్కలోకి విడిగా రాదు. జేమర్సన్ వేసిన మందపాటి సెట్ బిర్రే. వియన్నాలో థొమాస్టిక్-ఇన్‌ఫెల్డ్ చేసే జాజ్ ఫ్లాట్స్ 0.043 నుంచి 0.100 దాకా ఉండి, మామూలు రౌండ్‌వౌండ్ సెట్ కన్నా వేలి కింద మెత్తగా ఉంటాయి. ఒక కంపెనీ మందపాటి సెట్ వేసి నొప్పెట్టి, జాతి మొత్తానికీ ఆ పేరు పెట్టడం న్యాయం కాదు.

ధర ఎక్కువంటారు. అవును, సుమారు రెట్టింపు ఉంటుంది. రౌండ్‌వౌండ్ సెట్‌ని ఒక వంతు, ఫ్లాట్‌వౌండ్‌ని రెండు వంతులు అనుకుందాం. మెరుపు కోసమే రౌండ్‌వౌండ్ కొన్నవాడు ఆ మెరుపు ఉంచుకోవాలంటే ఏడాదికి మూడుసార్లయినా మార్చాలి, అదీ తక్కువ లెక్కే. మూడేళ్లకు తొమ్మిది వంతులు. ఫ్లాట్‌వౌండ్‌కు గాడులు లేవు కాబట్టి మురికికి ఇల్లు లేదు. మూడేళ్ల తర్వాత కూడా మొదటి నెలలాగే ఉంటుంది, కొంచెం ఇంకా మెత్తబడుతుంది. దానికీ చావు లేకపోలేదు. స్వరం పక్కకు పోవడం మొదలైతే మార్చాల్సిందే. కానీ అప్పటికి ఖర్చు రెండు వంతులే. దీనికి బేస్ మెడ మీది లోహపు మెట్ల, అంటే ఫ్రెట్‌ల, అరుగుదల కూడా కలపండి. గరుకు స్టీలు తీగ ఫ్రెట్‌ను ఆకురాయిలా తింటుంది. అరిగిన ఫ్రెట్‌లు తీసి కొత్తవి వేయించడం వీణకు మేళం కట్టించినంత, అంటే మెట్లు తిరిగి అమర్చినంత, పని. ఫ్రెట్‌లు లేని బేస్ మీద రౌండ్‌వౌండ్ వేసిన జాకో పస్టోరియస్, చెక్కను తీగలు కొరికేయకుండా పడవలకు వాడే ఎపాక్సీ పూత పూయాల్సి వచ్చింది. ఆ మెరుపు ఖరీదు అది. అతను దాన్ని తెలిసి చెల్లించాడు.

ఇంత చెప్పాక అవతలి పక్షానికి ఇవ్వాల్సింది ఇచ్చేస్తాను. బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగి వదిలే స్లాప్ వాయించడమే మీ పనైతే రౌండ్‌వౌండ్ కొనండి. ఆ పద్ధతికి ప్రాణం ఇనుప చురుకు. ఫ్లాట్‌వౌండ్ మీద అది సగం మాటే పలుకుతుంది. ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో బేసే రెండో గిటారు కావాలంటే ఎంట్విజిల్ దారి మీది. బేస్‌ని రాళ్ల మీద దొర్లే నీళ్లలా గరగరలాడించే డిస్టార్షన్ కావాలన్నా అదే. ఫ్లాట్‌వౌండ్ వాళ్లలో ఉన్న ఇంకో పిచ్చి కూడా ఒప్పుకుంటాను. జేమర్సన్ తీగలు బిగిస్తే జేమర్సన్ అవుతామనుకోవడం. ఆ చూపుడువేలు లేనిదే ఆ తీగ ఇనుప చువ్వే. తీగ సంగీతం వాయించదు. సంగీతానికి అడ్డం రాకుండా ఉండటమే తీగ చేయగల గొప్ప పని. నా పక్షపాతమంతా ఆ ఒక్క మాట మీదే.

కానీ గమనించండి, నేనిచ్చిన మినహాయింపులన్నీ ప్రత్యేక అవసరాలు. సోలో కావాలన్నవాడు, స్లాప్ కావాలన్నవాడు తమకేం కావాలో తెలిసి వస్తారు. ఏం కావాలో ఇంకా తెలియక, పాట వెనక నిలబడి తాళానికీ రాగానికీ మధ్య వంతెన కట్టాల్సిన కుర్రవాడికి, పెళ్లిలో వాయించేవాడికి, చర్చిలో వాయించేవాడికి, ఇంట్లో పాత పాటలతో కలిపి సాధన చేసేవాడికి, మనలో ఎక్కువమందికి, ‘అన్నిటికీ పనికొచ్చే తీగ’ అని చేతిలో పెట్టాల్సింది ఫ్లాట్‌వౌండ్‌నే. మనం చేస్తున్నది సరిగ్గా దానికి తలకిందులు.

కాబట్టి అన్నలకూ తమ్ముళ్లకూ ఒక విన్నపం. ఈసారి తీగలు మార్చేటప్పుడు ఒక్క సెట్ ఫ్లాట్‌వౌండ్ కొనండి. మీ బేస్ పొడవుకు సరిపోయేది అడిగి తీసుకోండి. బిగించేటప్పుడు ముందు ట్యూనింగ్ పోస్ట్ దగ్గర తీగను లంబంగా మడిచి, ఆ తర్వాతే కొస కత్తిరించండి. మడవకుండా కత్తిరిస్తే పట్టీ వదులై చుట్లు విడిపోతాయి. మెడ వంగితే దాని లోపలి ట్రస్ రాడ్ కాస్త తిప్పించుకోండి. మొదటి వారం ఇంట్లో వాయిస్తే మీకు నచ్చకపోవచ్చు, ‘ఏదో పోయింది’ అనిపిస్తుంది. అప్పుడే తీర్పు చెప్పకండి. మూడు నెలలు నలుగురితో కలిసి వాయించండి. సౌండ్ చూసే మనిషి ఏమంటున్నాడో వినండి. ఆ తర్వాత కూడా రౌండ్‌వౌండే మేలనిపిస్తే వెనక్కి మార్చుకోండి, నేనేమీ అనను. అప్పుడు అది మీ చెవి చెప్పిన మాట అవుతుంది, దుకాణంలో కుర్రవాడు చెప్పింది కాదు.

నా బేస్ మీద ఆ సెట్ వేసి నాలుగేళ్లు దాటింది. ఉడకబెట్టే అవసరం రాలేదు. పప్పు గిన్నె పప్పుకే ఉంది.